‘నోబిస్’ అంటే ఎవరెవరు?

(కాకినాడ జగన్నాథపురంలో ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వరకూ వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. వాటి మధ్య ఎండు కొమ్మలు కూడా ఉన్నాయి, అవి ఎగిరితే నా ప్రసంగం సగం పోయినట్టే.

పొద్దున్న ఉప్మాలో కరివేపాకు తీసి ప్లేటు అంచున పెట్టినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఎత్తనివాళ్ళు మా ఆవిడలాంటివాళ్ళు, నమిలి మింగేస్తారు. సరే, ఆ పక్కన పెట్టిన రెబ్బకి శాస్త్రంలో ఒక పేరుంది. నేను చదువుకునేటప్పుడు ముర్రయా కోనిగీ అనేవాళ్ళం. ఇప్పుడు బెర్గెరా కోనిగీ అంటున్నారు. అసలు మొదటి పేరు అదే, 1771లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ పెట్టింది. తర్వాత 1825లో ష్ప్రెంగెల్ అనే జర్మన్ పండితుడు దాన్ని ముర్రయాలో కలిపాడు. ఈమధ్య మళ్ళీ వేరు పెట్టారు. మన ఆస్తి పంపకాల్లాగే ఉంటాయి ఈ పేర్లు కూడా. బెర్గర్ ఒక దొర, ముర్రే ఒక దొర, కోనిగ్ ఇంకో దొర. మొదటి ఇద్దరూ కరివేపాకు చెట్టు కింద నిలబడ్డవాళ్ళు కాదు. మూడోవాడు నిలబడ్డాడు. చివరికి ఈ నేలమీదే పోయాడు. ఈ నేలంటే ఆంధ్రదేశం అని కాదండి, ఈ జగన్నాథపురమే. 1785 జూన్ 26న.

నన్ను పిలిచినవాళ్ళు అడిగింది ఔషధ మొక్కల మీద పనిచేసిన పండిత సంఘాల చరిత్ర. అలాంటివి చాలా ఉన్నాయి. లండన్‌లో మందులు నూరి అమ్మేవాళ్ళు 1617లో సంఘం పెట్టుకున్నారు, 1673లో చెల్సీలో తోట వేశారు, ఆ తోట ఇప్పటికీ ఉంది. జర్మనీలో 1953లో ఔషధ మొక్కల పరిశోధనకి ఒక సంఘం వచ్చింది, దాని పత్రికలో వ్యాసం పడితే మా వాళ్ళు స్వీట్లు పంచుతారు. వాటి గురించి చెప్పమంటే చెప్తాను గానీ, మన ఊళ్ళో చచ్చిపోయిన మనిషి సంఘం ఒకటి ఉండగా లండన్ దాకా ఎందుకు?

ఆ సంఘం పేరు యునైటెడ్ బ్రదర్స్. ఐక్య సోదరులు అనుకుందాం. చందా లేదు, ఆఫీసు లేదు, వార్షికోత్సవం లేదు, దండలు అసలే లేవు. ఉన్నదల్లా ఉత్తరాలు, ఎండిన మొక్కలు.

యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728లో ఇప్పటి లాట్వియా ప్రాంతంలో పుట్టాడు. లినేయస్ దగ్గర చదువుకున్నాడు. మంచు దేశం ఐస్‌లాండ్‌కి వెళ్ళి మొక్కలు ఏరాడు. అలాంటివాడు 1768లో తరంగంబాడికి, అంటే తమిళనాడులో డేన్లు, డెన్మార్క్ దేశస్థులు, కోట కట్టుకున్న ఊరికి, అక్కడి క్రైస్తవ మిషన్ వైద్యుడిగా దిగాడు. అప్పట్లో వైద్యుడంటే సగం వృక్షశాస్త్రజ్ఞుడే. మందులన్నీ చెట్ల నుంచే కదా. ఓడలో వచ్చిన మందుపెట్టె ఆరునెలలకి ఖాళీ అయిపోతుంది, ఉన్నవి బూజు పడతాయి. ఇక కిటికీలోంచి బయటికి చూడాల్సిందే. ఆ బయట ఏ చెట్టు దేనికి పనికొస్తుందో ఊళ్ళోవాళ్ళకి తెలుసు. వాటిలో చాలావాటి పేర్లు యూరప్ పుస్తకాల్లో లేవు.

మిషన్ జీతం తిరుగుళ్ళకి చాలలేదు. 1774లో ఆర్కాటు నవాబు కొలువులో చేరాడు. 1778 నుంచి ఈస్టిండియా కంపెనీ డబ్బిచ్చింది, సయాం, మలక్కా దాకా తిరిగొచ్చాడు. తిరిగిన చోటల్లా స్నేహితుల్ని పోగుచేశాడు. తరంగంబాడి మిషనరీ జాన్, రోట్లర్, అక్కడే పుట్టి డాక్టరైన క్లైన్, మద్రాసులో ఆండర్సన్, బెర్రీ, తర్వాత హైనె, ఫ్లెమింగ్, బుకానన్, కలకత్తాలో జడ్జి సర్ విలియం జోన్స్, మన సామర్లకోట రాక్స్‌బర్గ్. డేన్లు, జర్మన్లు, స్కాట్లు. మిషనరీలు, సర్జన్లు, ఒక జడ్జీ. బయట వాళ్ళ రాజులకి పడదు, వీళ్ళు మాత్రం ఆకులు పంచుకున్నారు.

పద్ధతి ఇదీ. ఎవరికైనా కొత్త మొక్క దొరికితే దాన్ని కాగితాల మధ్య ఒత్తి ఎండబెట్టి, అదే చెట్టువి నాలుగైదు కొమ్మలు తలో సోదరుడికీ పంపేవారు. అందరూ చూసి, ఇది పుస్తకాల్లో లేదు అని తేలితే అక్కడికక్కడే పేరు పెట్టి, ఆ పేరు పక్కన లాటిన్‌లో ‘నోబిస్’ అని రాసేవారు. మామూలుగా మొక్క పేరు చివర పేరు పెట్టినవాడి పేరుంటుంది. వీళ్ళు ఎవరి పేరూ రాయలేదు. నోబిస్ అంటే ‘మాది’, ‘మేం పెట్టింది’ అని. పాతికేళ్ళు పాఠం చెప్పాను, ఇంత మర్యాదైన సంతకం ఇంకోటి చూడలేదు. మా డిపార్ట్‌మెంట్లో ఒక వ్యాసానికి ఎవరి పేరు ముందుండాలి అని రెండు నెలలు మాటల్లేవు.

ఇంతకీ ఆ మర్యాద వాళ్ళకి కలిసిరాలేదు. ఆ కొమ్మలు కట్టలు కట్టి యూరప్ పంపారు. అక్కడ వాల్, రోత్, విల్డెనో లాంటి పండితులు వాటిని తీరిగ్గా చూసి, వర్ణించి, తమ పుస్తకాల్లో తమ పేరుతో అచ్చువేశారు. ఎండలో నడిచింది ఒకరు, పేరు ఇంకొకరిది. పాపం అనిపిస్తుంది. అనిపించి, వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ ‘మేము’లో ఎవరెవరున్నారు? ఆ మొక్కని చూపించినవాడున్నాడా? దాని పేరు చెప్పిన ముసలమ్మ ఉందా?

నేను ఇవాళ చెప్పదలచింది ఈ ఒక్క మాట గురించే.

చివరికి కోనిగ్ కలకత్తా బయల్దేరాడు. దారిలో విశాఖపట్నంలో పాట్రిక్ రసెల్‌ని చూశాడు. ఆ రసెల్ ఎవరో మీకు తెలియకపోయినా ఆయన పాము తెలుసు. రక్తపింజరికి ఇంగ్లీషు పేరు ఆయనదే. 1796లో అచ్చయిన ఆయన పాముల పుస్తకంలో దానికి రాసిన పేరు ఏంటో తెలుసా? ‘కాటుక రేకుల పొడ’. అచ్చంగా అలాగే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఒంటిమీద కాటుకతో తీర్చినట్టుండే మచ్చల్ని చూసి ఎవరో మనవాడు చెప్పిన మాట అది. ఆ చెప్పినవాడి పేరు మాత్రం పుస్తకంలో కనపడదు.

కోనిగ్ అక్కడినుంచి ఇటు వచ్చాడు. జగన్నాథపురం అప్పట్లో డచ్చివాళ్ళ రేవు. ఇక్కడికి వచ్చేసరికి రక్తవిరేచనాలు. సామర్లకోట నుంచి రాక్స్‌బర్గ్ వచ్చి వైద్యం చేశాడు. నిలవలేదు. యాభై ఆరేళ్ళ మనిషి. కాగితాలన్నీ లండన్‌లో వృక్షశాస్త్ర పండితుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కి ఇమ్మని రాసిపోయాడు, ఇచ్చారు.

ఇప్పుడు ఈ కాయలు చూడండి. ఇటు ముందు వరసకి ఇవ్వమ్మా, చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. పెన్సిలు కంటే సన్నగా, జానెడు పొడుగున, జంటగా వేలాడే కాయలు ఇవి. జంటే గానీ దేని దారి దానిది, కొసలు కలవవు. ఇది కొడిశపాల. రెండో కట్ట కూడా జంట కాయలే, కానీ లేతప్పుడు రెండిటి కొసలూ అతుక్కుని ఉంటాయి, మెడలో వేసుకునే కంటెలాగా. ఇది అంకుడు. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర ఇదే. రెండిటికీ తెల్లపూలే, గిల్లితే రెండిటికీ పాలే.

కొడిశపాల బెరడు రక్తవిరేచనాలకి మందు. మన వైద్యుల కుటజారిష్టంలో కుటజం అదే. ఈ మాట యూరప్‌కి ఎప్పుడో వెళ్ళింది. లినేయస్ 1753లోనే ఒక చెట్టుకి ‘రక్తవిరేచనాలని ఆపేది’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అయితే ఆ పేరు కింద రెండు రకాల చెట్లు కలగాపులగం అయిపోయాయి. అంగట్లోనూ అంతే. కొడిశపాల పేరు చెప్పి అంకుడు జాతి బెరడు కలిపి అమ్మారు, వేసుకున్నవాళ్ళకి గుణం కనపడలేదు, మందు మంచిది కాదని వదిలేశారు. చెట్టు తప్పా, మందు తప్పా, పేరు తప్పా? కాయ కొస చూసి విడదీయగలిగిన మనిషి ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు.

ఇంకోటి వెర్రిపాల. కంచెల మీద పాకే తీగ, కాకిపాల అనీ అంటారు. అమెరికా నుంచి వచ్చే ఇపెకాక్ అనే వాంతి మందు బదులు ఈ వేరు వాడుకోవచ్చని రాక్స్‌బర్గ్ రాశాడు. సోదరుల్లో ఒకడైన మద్రాసు ఆండర్సన్ దీన్ని విరేచనాల రోగులకి వాడిన సంగతీ రాశాడు. అంటే కోనిగ్ మంచం పట్టిన ఈ ఊరి చుట్టూ ఆ జబ్బుకి పేరున్న రెండు మొక్కలు ఉన్నాయి. అవి ఇచ్చుంటే బతికేవాడని నేను అనను. అలా అనేవాళ్ళు వాట్సాప్‌లో చాలామంది ఉన్నారు, నేను వాళ్ళలో చేరను. వినడానికి మాత్రం మనసు అదోలా అవుతుంది.

రాక్స్‌బర్గ్ విషయానికొద్దాం. ఈయన స్కాట్లండ్ సర్జన్. 1781లో సామర్లకోట చేరి పన్నెండేళ్ళు ఉన్నాడు. మిరియాలు, కాఫీ, నీలిమందు, చెరుకు, ఏది పడితే అది వేసి చూశాడు. మన కొండల్లో అడవి మిరియం దొరికితే ఎగిరి గంతేశాడు. ఏ రోజు ఎంత వానో రాసుకునేవాడు. 1787 తుఫానులో కోరంగి వైపు సముద్రం లోపలికొచ్చిందే, ఆ ఉప్పెనలో ఆయన పుస్తకాలు, కాగితాలు, అప్పటిదాకా ఎండబెట్టిన మొక్కలు కొట్టుకుపోయాయి. తర్వాత నాలుగైదేళ్ళకి కరువు. కాటన్ ఆనకట్ట ఇంకా అరవై ఏళ్ళ దూరంలో ఉంది, అప్పటి ఈ డెల్టా వేరు. ఆ కరువు చూసి, వాన లేకపోయినా జనానికి తిండి పెట్టే కొబ్బరి, పనస, తాడి లాంటి చెట్లు ముందే నాటించమని పైవాళ్ళకి రాశాడు. కొట్టుకుపోయిన పని మళ్ళీ మొదటినుంచి చేశాడు. ఈ ఒక్క కారణానికి ఆయన్ని నేను గౌరవిస్తాను.

ఆయనకి నేను దణ్ణం పెట్టే ఇంకో కారణం సోమిద చెట్టు. రాజమండ్రి సర్కారు కొండల్లో ఎత్తుగా పెరిగే చెట్టు. లోపలి చేవ ఎర్రగా ఉంటుంది, కాయ ఎండితే అయిదు బద్దలుగా విచ్చుకుంటుంది, గింజలకి రెక్కలుంటాయి. బెరడు చేదు. ఎంత చేదో చివర్లో చెప్తాను. ఆ రోజుల్లో మలేరియాకి యూరప్ వైద్యులు నమ్ముకున్న మందు ఒకటే, పెరూ నుంచి వచ్చే సింకోనా బెరడు. అది స్పెయిన్ వాళ్ళ చేతిలో ఉంది, ఖరీదు, పైగా కల్తీ. దానికి బదులు సోమిద పనికొస్తుందేమో అని రాక్స్‌బర్గ్ బెరడు కట్టలు ఎడిన్‌బరో పంపాడు. జ్వరాన్ని తరిమేది అనే అర్థంతో స్వియెటీనియా ఫెబ్రిఫ్యూగా అని పేరు పెట్టాడు. 1794లో అక్కడ ఆండ్రూ డంకన్ అనే కుర్రాడు డాక్టరు పట్టా కోసం ఈ బెరడు మీదే లాటిన్‌లో సిద్ధాంత వ్యాసం రాశాడు. ఊహించండి, ఎడిన్‌బరో చలిలో ఒక కుర్రాడు మన రంపచోడవరం వైపు చెట్టు బెరడు నూరుతున్నాడు. అది సింకోనా స్థానంలోకి రాలేదు. 1820లో ఫ్రెంచివాళ్ళు సింకోనా నుంచి క్వినైన్ తీశాక ఇక ఆ మాటే లేదు.

పేరు మాత్రం నిలిచింది. ఆ చెట్టు స్వియెటీనియా కాదు, వేరే ప్రజాతి అని 1830లో ఫ్రెంచి పండితుడు జుస్యూ తేల్చి, దానికి పెట్టిన పేరు ‘సోయ్మిడా’. మన సోమిదే. ఇవాళ ప్రపంచంలో ఏ దేశంలో ఏ విద్యార్థి ఆ చెట్టు పేరు రాసినా మొదట తెలుగు మాట రాయాలి, తర్వాతే లాటిన్. ఎందుకు వచ్చింది ఇది? రాక్స్‌బర్గ్ ఏ మొక్క రాసినా పక్కన ‘తెలింగ’ పేరు రాసేవాడు కాబట్టి. ఎవరో కట్టెలు కొట్టేవాడు, ఎవరో వైద్యుడు చెప్పిన మాటని, పలకడం రాకపోయినా, తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. చెప్పినవాడి పేరు రాయలేదు, చెప్పిన మాట దాచాడు. ఇందులో సగం న్యాయం ఉందంటాను నేను. మీరు సగం అన్యాయం అనండి, నేను కాదనను.

బొమ్మల విషయం దీనికంటే అన్యాయం. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ దగ్గర జీతానికి బొమ్మలు వేసినవాళ్ళున్నారు, ఇక్కడివాళ్ళు. పచ్చి కొమ్మ ముందు పెట్టుకుని, వాడిపోయేలోపు గీసి, రంగు వేసి, పువ్వుని కోసి లోపలి భాగాలు విడివిడిగా కింద వెయ్యాలి. కలంకారీ అద్దకం తెలిసిన దేశం కదా ఇది, చెయ్యి తిరిగినవాళ్ళకి లోటు లేదు. ఆయన జీవితకాలంలో అలాంటివి 2,500కి పైగా తయారయ్యాయి. లండన్ పంపినవాటిలోంచి బ్యాంక్స్ 300 ఏరి, కోరమాండల్ తీరపు మొక్కలు అనే పేరుతో మూడు పెద్ద సంపుటాలు వేయించాడు, 1795 నుంచి పాతికేళ్ళ పాటు. దాని ముందుమాట రాసింది మన పాముల రసెల్. ఆ 300 బొమ్మల్లో ఒక్కదాని కిందా వేసినవాడి పేరు లేదు. నోబిస్ అన్న మాటైనా లేదు.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకి వెళ్ళిపోయాడు. సామర్లకోట తోటకి హైనె వచ్చాడు, ఆయనా సోదరుల్లో ఒకడే. ఆయన మన మందుల మీదా, వైద్యుల పద్ధతుల మీదా రాశాడు. కానీ టిప్పు పోయాక కంపెనీ చూపు మైసూరు మీద పడింది, హైనె బెంగుళూరు లాల్‌బాగ్‌కి వెళ్ళాడు. సామర్లకోట తోట కథ అక్కడితో సరి. సోదరులు ఒక్కొక్కరే పోయారు. రోట్లర్ ఒక్కడే చాలాకాలం బతికి 1836లో మద్రాసులో పోయాడు. సంఘాన్ని ఎవరూ మూసెయ్యలేదు. తెరవనిదాన్ని మూయడం ఎలా?

ఫలితం మాత్రం పుస్తకాల్లోకి ఎక్కింది. సోదరుడు ఫ్లెమింగ్ 1810లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో భారతీయ ఔషధ మొక్కల జాబితా వేశాడు. 1813లో మద్రాసు డాక్టర్ ఐన్‌స్లీ మందుల పుస్తకం తెచ్చాడు, అందులో తమిళ పేర్లతో పాటు తెలుగు పేర్లూ ఉన్నాయి.

తర్వాతి తరంలో రాబర్ట్ వైట్ అనే సర్జన్ వచ్చాడు. 1838 నుంచి 1853 దాకా 2,101 బొమ్మలతో గ్రంథం వేశాడు. ఆయన దగ్గర ఇద్దరు చిత్రకారులు, రంగయ్య, గోవిందు. వాళ్ళ పేర్లు ఆయన బొమ్మల కింద అచ్చు వేయించాడు. అంతేకాదు, ఒక ఆర్కిడ్‌కి ‘గోవిందూయా’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ పేరు చెల్లదు, వేరే ప్రజాతిలో కలిపేశారు. కరివేపాకుకి బెర్గర్‌ని తిరిగి తెచ్చుకున్నట్టు గోవిందుని కూడా తెస్తారేమో అని నేను చూస్తూనే ఉన్నాను. (నవ్వులు)

మా సంగతీ చెప్పాలి కదా, దొరల్నే అంటే ఎలా? నేను పనిచేసిన ఒక కాలేజీలో రెండు బీరువాల నిండా ఎండుమొక్కల షీట్లుండేవి. మా మాస్టారు కోనసీమ కాలువ గట్లన్నీ తిరిగి చేసినవి. ఈ గాలిలో మొక్క ఎండబెట్టడం ఏం మాటలు కాదండి. శ్రావణంలో ఒత్తితే రోజుకి రెండుసార్లు పేపరు మార్చాలి, ఒక్కపూట బద్ధకిస్తే తెల్లారేసరికి ఆకు నల్లబడి బూజు. మాస్టారు కాగితం కింద మొక్క పేరు, ఊరి పేరు, తేదీ, దాన్ని ఎవరు చూపించారో వాళ్ళ పేరు రాసేవారు. ‘చూపినది: చేపల సూరమ్మ’ అని ఒక షీటు నాకు గుర్తు. అప్పుడు నవ్వుకున్నాను. గదికి సున్నాలు వేయించిన ఏడాది ఆ బీరువాలు వరండాలో పెట్టారు, వాన పడింది, చెదలు పట్టాయి, తర్వాత పాత పేపర్లవాడు పట్టుకెళ్ళాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను. పరీక్షల డ్యూటీ టెన్షన్‌లో పట్టించుకోలేదు. పాతికేళ్ళైంది, ఆ సూరమ్మ షీటు మీదున్న మొక్క ఏమిటో గుర్తు తెచ్చుకోడానికి ఇప్పటికీ ప్రయత్నిస్తుంటాను.

ఇక ఆపుతాను, కాయలు వెనక వరస దాకా వెళ్ళినట్టున్నాయి. కొసలు కలిసినవీ, విడివిడిగా ఉన్నవీ కలిపెయ్యకుండా ఇవ్వండి, నాకు అవి వేరువేరుగానే కావాలి. ఈ డబ్బాలో సోమిద బెరడు ఉంది. రంపచోడవరం నుంచి తెచ్చిన కుర్రాడు అదిగో, ఆ తలుపు దగ్గర నిలబడ్డాడు, అడిగితే చెట్టెక్కడుందో చెప్తాడు. చిన్న పేడు నాలిక మీద పెట్టుకుని చూసి ఉమ్మేయండి, మింగొద్దు. మజ్జిగ గ్లాసులు పక్కగదిలో ఉన్నాయి. అందులో కరివేపాకు కూడా వేయించాను.